కారు షెడ్డు ప్రక్కన కొయ్య వసారా

ఏలూరు నుండి కైకలూరు పోవు దారిలో, పట్టణపు మేడలు పలుచబడి చేపల చెరువుల గట్లు కంటబడు చోట, నల్లమట్టి నేలమీద కట్టిన ఒక ఇంటికి తూర్పున కారు షెడ్డొకటి కలదు. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 9 అంగుళముల ఇటుక గోడలు, 9 అడుగుల ఎత్తున కాంక్రీటు శ్లాబు. అంతకు మించి దానియందు విశేషము లేదు. ఇంటి యజమాని, వ్యవసాయదారుడు, ఆ షెడ్డు తూర్పు గోడ పొడవునను 10 అడుగుల వెడల్పున ఒక వసారా దింపవలెనని తలచెను. దానిని కొయ్యతోనే, అందును కొల్లేటి ఒడ్డున పడగొట్టిన తమ తాతలనాటి మండువా లోగిలి స్తంభములతోను దూలములతోను నిలుపవలెనని పట్టుబట్టెను. ఆయన అక్కగారి భర్త ప్రభుత్వమున ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలు. వారు దీనికి సుతరామును సమ్మతింపలేదు. ఇల్లు కట్టుకొను ప్రతివారి ఇంటను జరుగవలసిన వాదమిది, పునాది గోతులు త్రవ్విన తరువాత గాక త్రవ్వకమునుపే జరుగవలసినది. కావున నేను విన్నంత మేరకు దానిని ఇచట పొందుపరచుచున్నాను.

బావగారు: అసలు కొయ్య యెందుకయ్యా? షెడ్డుకు శ్లాబున్నది. తూర్పు అంచును చెక్కి లోపలి కడ్డీలను బయటికి దీసి, క్రొత్త కడ్డీలను వానితో కలిపి కట్టి, మూడు కాంక్రీటు స్తంభములు పోసి పొడిగించినచో నెల తిరుగకుండ పని ముగియును. చెదలకు వెరవనక్కర లేదు, ఏటేట నూనె పూయనక్కర లేదు, కోతిమూక పెంకులు త్రొక్కునన్న దిగులును లేదు.

బావమరిది: మీరు చెప్పిన దానిలో అబద్ధము లేదు బావగారూ. కాని ఆ టార్పాలిన్ క్రింద పడియున్న కొయ్యను మీరెఱుగనివారు కారు. మా ముత్తాతగారి కాలమున మౌల్మెయిన్ రేవునుండి ఓడలమీద దిగి, కాలువ పడవలమీద వచ్చిన బర్మా టేకు అది. కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టి, 1852లో ఆ పని ముగిసిన పిమ్మట, గోదావరి కాలువయు కృష్ణ కాలువయు ఏలూరున కలిసినవి గనుకనే అంతంత మ్రానులు మన పల్లెలకు చేరగలిగినవి. నేడు డెల్టా అంతటను మండువాలు కూలుచున్నవి. వర్తకులు వచ్చి తలుపులు, స్తంభములు, దూలములు లెక్కగట్టి లారీల కెత్తుకొని పోవుచున్నారు. దూరపు నగరములలోని హోటళ్ళకు అలంకారముగా పోవుటకంటె, మా స్తంభములు మా దొడ్డిలోనే ఇంకొక కప్పును మోయుట న్యాయమని నా మనస్సు.

బావగారు: మమకారము మంచిదే; కాని కప్పును మోయునది మమకారము కాదు. కొయ్యను పరీక్షించితివా? మండువా దూలములు మట్టి గోడలలోనికి మూరెడేసి చొచ్చి యుండును. ఆ చొచ్చిన భాగము గాలి సోకక, చెమ్మ ఆరక, పైకి నిగనిగలాడుచు లోపల పిండియై యుండుట నేను ఎన్ని తావుల చూడలేదు!

బావమరిది: పరీక్షించినాము. వడ్రంగి ప్రతి దూలమును ఈ కొన మొదలు ఆ కొన వఱకు సుత్తితో తట్టుచు పోయినాడు. నడుమ ఖణేలుమని మ్రోగినది. కొనలకు మూరెడు దూరములో ధ్వని మొద్దుబారినది. అచ్చట ఉలి పెట్టినంతనే గోధుమరంగు పొడి జలజల రాలినది. అంతమేరకు రంపముతో కోసివేయించితిమి. కోసిన మొగముమీద చిత్రిక పట్టగా లోపలినుండి పసుపు కలిసిన ఎఱుపు రంగు, ఆ టేకు నూనె వాసన, నిన్న కోసిన మ్రానువలెనే యున్నవి. పాత మేకులన్నియు ఊడబెరికించితిని. పాత బెజ్జములు స్తంభముల తలలయందే యున్నవి గాని నడుమ ఎచ్చటను లేవు. ఇప్పుడు డిపోలో కొన్న పచ్చి టేకు ఇంత ఆరవలెనన్నచో ఎన్ని వేసవులు కావలెనో మీరే చెప్పుడు. ఇది నూరేండ్లు నీడను ఆరినది.

ఈ మాటకు పెద్దాయన తల పంకించిన మాట నిజమే కాని ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకపోవుటయే మేలయ్యెను, ఆయన అచ్చటనే ఒప్పుకొనియున్నచో అసలు సంగతి బయటపడెడిది కాదు.

బావమరిది: కొయ్యపని మనకు క్రొత్తది కాదు. కామవరపుకోట దగ్గఱ గుంటుపల్లి కొండమీది గుండ్రని చైత్యమును చూచితిరి గదా. క్రీస్తుకు పూర్వపు బౌద్ధులు ఆ గుహను తొలిచినపుడు కప్పులోపల వాసములను రాతిలో చెక్కిరి. రాయి నిలుచుటకు వాసములతో పని లేదు. ఐనను కొయ్య యిండ్లలో మసలిన చేతులు రాతిలోను వాసములనే తలచినవి. ఈ మండలమున కట్టడపు విద్యకు కొయ్యయే తొలి గురువని చెప్పుటకు అంతకంటె నిదర్శనమేమి?

బావగారు: నీ సాక్షి నా పక్షమున చెప్పినాడు సుమా! రాతివాసములు రెండువేల యేండ్లుగా నిలిచినవి. వానికి మాతృకలైన కొయ్యవాసములలో ఒక్కటైనను నేడు కలదా? పుట్టయై మట్టిలో కలిసినవి. సరే, చరిత్ర అట్లుండనిమ్ము. నీ షెడ్డు ఈశాన్య మూలను ఎప్పుడైన నిదానించి చూచితివా? ఇటుకల అతుకుల వెంట మెట్టు మెట్టుగా ప్రాకిన బీట యొకటి కలదు. వైశాఖమున దానిలో రూపాయి బిళ్ళ నిలువునా దూరును. కార్తికమున గోరు కూడ దూరదు. ఆ బీట గోడలోని లోపము కాదు, నేల యొక్క ఉచ్ఛ్వాస నిశ్వాసములు. నల్లమట్టి నీరు త్రాగి ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. ఇచ్చట దానికి తోడు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి నీటిని తెచ్చి సరస్సులో పోయును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే త్రోవ. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు కూడ తుదకు వచ్చినది కొల్లేటికే. వచ్చినంత వేగముగ ఆ నీరు పోదు, వారముల తరబడి నేలను నానబెట్టును. నీ యిల్లు తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున, మెట్ట యెఱ్ఱనేలమీద నున్నచో నేనింత చెప్పను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తెల్లదొరలు విమానముల రన్‌వే పరచుటకు తాడేపల్లిగూడెమును ఎంచుకొనిరి గాని కొల్లేటి గట్టును ఎంచుకొనలేదు.

బావమరిది: ఐనచో నేల కదలుననియే కదా మీ వాదము! కదలు నేలమీద బరువు మోపుమనుట న్యాయమా? 5 అంగుళముల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైబడి తూగునని మీరే ఎన్నిమార్లు చెప్పలేదు? నేను వేయదలచిన కప్పు చూరులతో కలిపి 300 చదరపు అడుగులు, అనగా 28 చదరపు మీటర్లు. శ్లాబు వేసినచో ఎనిమిదిన్నర టన్నుల బరువు. కొయ్యయు బంగాళా పెంకును కలిపి, చదరపు మీటరుకు 60 కిలోలు వేసికొన్నను, టన్ను ముప్పాతిక లోపే. పైగా మీరు చెప్పినట్లు కడ్డీలు కలిపి కట్టినచో పాత షెడ్డు ఒకవంకకును క్రొత్త భాగము ఒకవంకకును కదలిన నాడు నడుమ శ్లాబు పగులక ఏమి చేయును?

నా మట్టుకు ఈ వాదమంతటిలో కీలకమైన ప్రశ్న యిదే. పాత కట్టడము తన నేలను ఏండ్ల తరబడి నొక్కి, క్రుంగవలసినంత క్రుంగి, ఒకవిధమైన సంధి చేసికొనియుండును. క్రొత్తది ఇంకను మొదలు పెట్టవలసియున్నది. ఈ రెంటిని తొలినాడే ఇనుముతో ముడివేయు తాపీ మేస్త్రులు మన ఊళ్ళలో కోకొల్లలు, ఆ ముడి దగ్గఱ కాఱు గోడలును కోకొల్లలు. పెద్దాయన కొంతసేపు మౌనము వహించి, వాదమును వేఱొక దిక్కునకు త్రిప్పెను.

బావగారు: శ్లాబు పొడిగింపు మాట విడిచితిని, పొమ్ము. కాని తేలిక యనునది నీవనుకొన్నంత వరము కాదు. మన తీరమున కప్పులు క్రుంగుటచేత కంటె ఎగిరిపోవుటచేత ఎక్కువ నశించినవి. 1977 నవంబరు 19న దివిసీమలో ఏమయ్యెనో, 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరితోటలు ఎట్లు నేలగూలెనో నీకు చెప్పనక్కర లేదు. కట్టడములమీద గాలి ఒత్తిడికి భారతీయ ప్రమాణము విజయవాడకు నిర్ణయించిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగమునకు ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మూడు దిక్కుల తెఱచియున్న వసారాలో గాలి క్రిందినుండి నెట్టును, పైనుండి పీల్చును. 28 చదరపు మీటర్లకు లెక్క వేయుము: పైకి లాగు బలము 42 క్వింటాళ్ళు, నీ కప్పు బరువు 17. తక్కిన 25 క్వింటాళ్ళను ఆరు స్తంభములు పట్టి యుంచవలెను. ఒక్కొక్కటి 4 క్వింటాళ్ళకు పైన. నీ వడ్రంగి స్తంభపు తలను చెక్కి దూలపు బెజ్జములో దింపి, అడ్డముగ చెక్కమేకు కొట్టును. క్రిందికి దిగు బరువుకు ఆ అతుకును మించినది లేదు. పైకి లాగు బలమునకు ఆ మేకు ఒక్కటియే దిక్కు!

బావమరిది: మండువాలు తుఫానులకు నిలువలేదా?

బావగారు: మండువాకు నాలుగు వైపుల గోడలు, నడిమి వాకిట గాలి వెడలు త్రోవ, పైన మోయలేనంత పెంకు. వసారా అట్టిది కాదు. అతుకులు వడ్రంగి పద్ధతినే చేయించుకొనుము, నేను కాదనను. కాని ప్రతి అతుకునకును ఇరుప్రక్కల ఇనుపపట్టీ వేసి ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు బోల్టు బిగింపవలెను. స్తంభమునుండి దూలమునకు ఏటవాలుగ ఊతకొయ్యలు రెండు దిక్కులకును వేయవలెను. లేనిచో తూర్పుగాలికి చట్రమంతయు ఒక ప్రక్కకు ఒరగును. స్తంభమును నేలలో పాతనే కూడదు. నేలకు పైన 2 అడుగుల రాతిదిమ్మ, దానిమీద ఇనుపచెప్పు, ఆ చెప్పులో స్తంభము. వరదనీరు అడుగెత్తు వచ్చినను కొయ్యకు తగులదు. చెద ప్రాకినచో రాతిమీది మట్టిచార కంటికి కనబడును, నాడే తుడిచివేయవచ్చును.

బావమరిది: మీరు వలదనుచునే వసారా కట్టుచున్నారు బావగారూ!

బావగారు: వలదన్నవాడే వంకలన్నియు చూపవలసినవాడు. ఇంకొకటి యున్నది. పెంకుటి కప్పుకు రెండడుగులకు ఒక అడుగు వాలు ఉండవలెను; అంతకు తగ్గినచో ముసురులో నీరు పెంకుల క్రిందికి ఎదురెక్కును. 10 అడుగుల వెడల్పునకు 5 అడుగుల దిగుడు. 9 అడుగుల శ్లాబు అంచు క్రిందనుండి నీవు వాసములు దింపినచో తూర్పు కొన 4 అడుగులు. దూడలు తప్ప మనుష్యులు లోపలికి రాలేరు. దీని మాట ఆలోచించితివా?

బావమరిది: వడ్రంగి రేకు వేయుమన్నాడు. రేకుకు వాలు తక్కువైనను చెల్లును. కాని మా యింట రేకు క్రింద వేసవి మధ్యాహ్నము కూర్చుండగలవారు లేరు.

బావగారు: అట్లయిన కప్పును శ్లాబుకంటె ఎత్తుగా లేపవలెను. మీ మండువా స్తంభముల పొడవెంత?

బావమరిది: కోసినవి పోను 9½ అడుగులు.

బావగారు: దిమ్మ 2, స్తంభము 9½, పైదూలము దళసరితో కలిపి సుమారు 12 అడుగులు. అక్కడనుండి 5 దిగినచో తూర్పు వరుస తల 7 అడుగులు. చూరు మఱియొక అరడుగు దిగినను 6½ మిగులును. పడమటి వైపున కప్పు అంచును శ్లాబుమీదికి చాపుము. నడుమ సందు నుండి వాన దిగదు. శ్లాబు నీరు మాత్రము పడమటికే పోవలెను, ఆ వాలు ముందు సరిచేయించుము. ఎత్తులోని ఆ వెలితికి చెక్కపలకలు జల్లెడగా కొట్టవచ్చును గాని ఆ పలకలను కొయ్య చట్రమునకు కొట్టుము, శ్లాబుకు కాదు.

బావమరిది: ఇచ్చట నాదొక మనవి. పడమటి వరుసకు మూడు స్తంభములు వేఱుగ ఏల? షెడ్డు గోడపైన రెండు వరుసల ఇటుక లేపి, దానిలో వాసముల కొనలు దూర్చినచో మూడు స్తంభములు, మూడు దిమ్మలు మిగులును. ఊరివారందఱును అట్లే చేయుచున్నారు. వడ్రంగియు అదే చెప్పినాడు.

బావగారు: ఇది యొక్కటి నేను ఒప్పుకొనను. వాసము కొనను ఇటుకలో దూర్చినచో, నీవు సుత్తితో తట్టి కనిపెట్టిన ఆ పిండియే మఱల తయారగును. దూర్చక గోడకు బోల్టులతో పట్టె బిగించి దానిమీద ఆనించెదనందువా, ఆ గోడ ఏటేట కదలుచున్నది. గోడ ఒక దారిని, తూర్పు స్తంభములు ఒక దారిని పోయినపుడు నడుమ వాసము మెలిపడి, పెంకులు జాఱి, మొదటి ముసురుకే కారును. గాలి లాగినపుడు ఆ లాగుడంతయు బీటలు వాఱిన గోడమీద పడును. నీ వసారా తన ఆరు కాళ్ళమీద తాను నిలువవలెను. పడమటి స్తంభముల వరుస గోడకు 2 అడుగుల దూరమున నుండవలెను. పాత పునాది మెట్లు బయటికి చొచ్చియుండును గనుక అంతకు దగ్గఱ త్రవ్వినచో వానిని పెల్లగింతువు.

బావమరిది: రెండడుగుల సందు వృథాయేగదా!

బావగారు: నిచ్చెనలు, వలలు, గడకఱ్ఱలు పెట్టుకొనుము. మూడు స్తంభముల ఖర్చు నీకు భారముగ తోచినచో వసారాయే మానుము.

ఈ తావున నేను పూర్తిగ పెద్దాయన పక్షమే. కొయ్యయా కాంక్రీటా అను ప్రశ్నకు ఇరువైపులను చెప్పదగినది కలదు. పాత గోడకు ఆనించుటయా మానుటయా అను దానికి ఈ నల్లనేలలమీద ఒక్కటే సమాధానము. మన వడ్రంగుల నైపుణ్యము తక్కువది కాదు. కాని వారు కొయ్యను చూచినంత శ్రద్ధతో ఆ కొయ్య ఆనుకొను గోడను చూడరు. గోడ తాపీ మేస్త్రి సొత్తు, కప్పు వడ్రంగి సొత్తు. రెండును కలియు చోటు ఎవ్వరి సొత్తును కాకపోవుట చేతనే కాఱుట మొదలగుచున్నది.

బావమరిది: కానిండు, ఆరును వేయింతును. దిమ్మల క్రింద పునాది మాటేమి? లోతుగ గొయ్యి తీసి కంకర దంచి పోయుదునా?

బావగారు: రెండు త్రోవలు కలవు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు నల్లరేగడి నేలల కొఱకే అండర్ రీమ్డ్ పైలు అను పద్ధతిని తీర్చిదిద్దిరి. చేతి బరమాతో సన్నని గొయ్యి దింపి, అడుగున మాత్రము వెడల్పు చేసి, కడ్డీలు దింపి కాంక్రీటు నింపుదురు. పై మట్టి ఉబ్బినను కుంచించినను, కాలు ఊనినది చెమ్మ మాఱని లోతు మట్టిలో, కావున కదలదు. అడుగున వెడల్పుగ నుండుటచే గాలి లాగినను ఊడిరాదు. నీ రెండు బాధలకును ఒకటే మందు. కాని గోతిలో నీరూరి అంచులు విఱిగి పడినచో ఆ పని చెడును. అట్టి పక్షమున ఒక్కొక్క స్తంభము క్రింద రెండున్నర అడుగుల ఘనమున కాంక్రీటు దిమ్మ పోయవలెను. దాని బరువే టన్ను దాటును గనుక 4 క్వింటాళ్ళ లాగుడునకు చలింపదు. క్రిందను చుట్టును ఇసుక పరచినచో ఉబ్బు మట్టి పోటు కొంత తగ్గును. ఏది తగునో నీవు గాని నేను గాని కూర్చుండి చెప్పలేము. ఒక గొయ్యి త్రవ్వి చూడవలెను.

బావమరిది: దూలములు సరిపోవును గాని వాసములు చాలవు. పొలము గట్టుమీద నేను పెంచిన టేకు చెట్లు కొన్ని కొట్టింతునా?

బావగారు: నీ చెట్టైనను 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి కావలెను. అనుమతి వచ్చినను ఆ పడుచు టేకులో చేవ తక్కువ, వెలుపలి తెల్లకొయ్య యెక్కువ. పచ్చిది వంకర తిరుగును. వాసములకు తాడి మంచిది. ముదురు తాడిని నిలువునా చీల్చి లోపలి దూదిని చెక్కివేసి, బయటి నల్లని చేవను మాత్రము ఉంచుకొనుము. మీ తాతలు ఆ పనియే చేసిరి. ఇక వసారా ప్లాను గీయించి మునిసిపాలిటీకి దాఖలు చేయుము. తూర్పు సరిహద్దునకు ఎంత విడువవలెనో వారిని అడిగి, ఆ జవాబు కాగితము చేతికి వచ్చిన పిమ్మటనే ముగ్గు పోయుము. పెట్రోలు డబ్బాలు షెడ్డులోనే యుండవలెను, కొయ్య క్రిందికి రాకూడదు.

బావమరిది: అన్నియు చేసెదను. కొయ్యకు మీరు సమ్మతించినట్లేనా?

బావగారు: కొయ్యకు సమ్మతించితిని. గోడకు సమ్మతింపలేదు.

వైశాఖమున షెడ్డుకు తూర్పున, స్తంభములు రావలసిన వరుసలోనే గొయ్యి త్రవ్వి చూచిరి. పైన మూడడుగులు నెఱ్ఱెలు వాఱిన నల్లమట్టి, దాని క్రింద ముద్దగా చేతికంటుకొను జిగటమట్టి. 11 అడుగుల వఱకు నీరూరలేదు, అంచులు విఱుగలేదు. ఆరు పైళ్ళు వేయుటకును, షెడ్డు గోడకు ఒక్క మేకైనను కొట్టకుండుటకును ఇరువురును నిశ్చయించిరి. తొలకరికి ముందే పైళ్ళ కాంక్రీటు ముగియవలెనని మేస్త్రికి బయానా ఇచ్చిరి.